బోరునీళ్ళ రంగు పన్ను

గిచోహి ముందుపన్ను విరిగి కెన్యాలోని నకూరులో మా క్లినిక్‌కి వచ్చాడు. రూట్ కెనాల్ అయ్యాక, పైన వేసే తొడుగుకి తెల్ల రంగు ఎంచుతుంటే నా చెయ్యి పట్టుకుని ఆపాడు.

"గోధుమరంగుది వెయ్యండి డాక్టరమ్మా. ఇక్కడి బోరునీళ్ళ రంగు."

ఆ నీళ్ళు తాగి పళ్ళు గోధుమరంగుకి తిరిగినవాళ్ళంతా తెల్లగా చెయ్యమని నా దగ్గరికి వస్తారు. ఇతను నైరోబీలో పెరిగాడు. ఇక్కడ ఎన్నికల్లో నిలబడ్డాడు.

"ఒక్క పన్నే ఆ రంగులో ఉంటే జనం నవ్వుతారండీ."

"నవ్వనివ్వండి. వాళ్ళు నవ్వినా కనపడేది అదే రంగుగా."

పన్ను అరగదీసి, అచ్చు తీసుకుని, అతనడిగిన రంగులో తాత్కాలిక తొడుగు అతికించాను. "గట్టివేమీ కొరక్కండి. అసలుది తరవాత వేస్తాను."

"ఎన్నికలదాకా ఇది చాల్లెండి."

ఎన్నికల సభలో ఎవరో ముసలమ్మ కాల్చిన మొక్కజొన్న పొత్తు అతని చేతిలో పెట్టింది. వద్దంటే బాగుండదని కొరికాడు. తొడుగు ఊడి పొత్తులో ఉండిపోయింది.

ఎవరూ నవ్వలేదు. "పాపం, మన నీళ్ళు ఈయన పన్నునీ తినేశాయి," అంది ముసలమ్మ. ఆ మొండి పన్నుతోనే, ఊరూరికీ మంచినీళ్ళు తెస్తానని మాటిచ్చాడు. గెలిచాడు.

మర్నాడే వచ్చి నా కుర్చీలో వాలాడు. "ఇక అసలుది వేసెయ్యండి. తెల్లది."

వేశాను. అద్దంలో చూసుకుని మురిసిపోయాడు. వెళ్తూ వెళ్తూ రుమాలు విప్పి, ఆ పాత తొడుగు నా చేతిలో పెట్టాడు.

"పారెయ్యకండి డాక్టరమ్మా. అయిదేళ్ళకి మళ్ళీ కావాలి."