టీచరమ్మ రాసిన ఒకటి

ఇంకొక్కడు. ఇంకొక్కడు అవుటయితే చాలు, పీతలనే బేస్‌బాల్ జట్టుకి బంతి వేసే పిచ్చర్ రాదామెస్ పేరు చరిత్రలో నిలిచిపోతుంది.

ఆఖరిదైన తొమ్మిదో ఇన్నింగ్స్ చివరికొచ్చింది. శాంతో దొమింగో నుంచి వచ్చిన జట్టుకి అతను ఇంతవరకూ ఒక్క హిట్ కూడా, అంటే బంతిని కొట్టి బేసు చేరే అవకాశం కూడా, ఇవ్వలేదు. సీజన్లో ఇదే ఆఖరి ఆట. యాభై ఆటల్లో ముప్ఫై తొమ్మిది ఓడిన జట్టు పీతలు. ఊళ్ళో వాళ్ళ టోపీ పెట్టుకోవడానికి కూడా జనం సిగ్గుపడుతున్నారు. అంత దరిద్రపు సీజన్లో మిగిలిన పరువల్లా ఈ ఆదివారం మధ్యాహ్నమే.

స్టేడియంలో డప్పులు ఆగిపోయాయి. ఎనిమిది వేలమంది ఊపిరి బిగబట్టి చూస్తున్నారు.

పైన రేకుల గదిలో ఎమెరిత టీచరమ్మ పెన్సిల్ పట్టుకుని కూర్చుంది. ముప్ఫై ఏళ్ళు బడిలో లెక్కలు చెప్పి, పదకొండేళ్ళుగా ఇక్కడ స్కోరు రాస్తోంది. కొట్టిన బంతి హిట్టా, ఫీల్డర్ తప్పా అన్నది తేల్చేది ఆమే. ఆమె రాశాక ఇక అప్పీల్లేదు. సీజన్ మొదట్లో లీగు వాళ్ళు "ఈ ఏడాదికి తప్పుకుంటారా టీచరమ్మా?" అని మర్యాదగానే అడిగారు. "ఏం, నా కళ్ళకేమైంది?" అంది. మళ్ళీ అడగడానికి ఎవరికీ నోరు రాలేదు.

పక్కన కూర్చున్న రేడియో తతికో మైకుకి చెయ్యి అడ్డం పెట్టాడు. "రేపు పొద్దున్నే రాదామెస్‌ని పీకేస్తారట. మోచేతి ఆపరేషన్ అయ్యాక వాడిలో పస లేదని యజమాని దోన్ ఎవరిస్తో తేల్చేశాడు. ఇవాళ ఒక్క హిట్ లేకుండా ఆట పూర్తయిందా, ఇక వాడి జోలికి రాలేడు."

"తెలుసు. నోరు మూసుకుని ఆట చూడు."

రాదామెస్ బంతి వేశాడు. బ్యాటర్ నేలబారుగా బలంగా కొట్టాడు. రెండో బేసుకీ మూడో బేసుకీ మధ్య కాసే షార్ట్‌స్టాప్ యునియోర్ ఎడమ పక్కకి దూకాడు. బంతి అతని గ్లవ్‌కి తగిలి, ఎగిరి, అవతల పడింది. బ్యాటర్ మొదటి బేసు చేరిపోయాడు.

స్టేడియం మొత్తం ఒక్కసారిగా తలెత్తి రేకుల గదికేసి చూసింది.

చేతికందిన బంతిని జారవిడిస్తే అది ఫీల్డర్ తప్పు. పిచ్చర్‌కి మచ్చ ఉండదు. ఎవడి తరమూ కాని బంతి అయితే హిట్. రాదామెస్ కథ అక్కడితో సరి. కింద యునియోర్ గుండె మీద గుద్దుకుంటూ "నాదే, తప్పు నాదే" అని గదికేసి సైగలు చేస్తున్నాడు.

"వాడే ఒప్పుకుంటున్నాడు కదా, రాసెయ్యండి" అన్నాడు తతికో.

ఫోను మోగింది. జట్టు యజమాని దోన్ ఎవరిస్తో.

"టీచరమ్మా, వాడి సంగతి మీకు నేను చెప్పాలా? వాణ్ణి తీసెయ్యడం నాకు మాత్రం సరదానా? తప్పు అని రాయండి. రేపే రెండేళ్ళకి కాగితం రాసిస్తాను."

"మీకు బంతి కనబడిందా?"

"నేనిక్కడ జనం వెనకాల..."

"నాకు కనబడింది." ఫోను పెట్టేసింది.

కనబడింది, అదే వచ్చిన చిక్కు. గడ్డీ మట్టీ కలిసే అంచుకి తగిలి ఆ బంతి మోకాలెత్తు లేచింది. యునియోర్ కాదు కదా, వాడి తాత దిగొచ్చినా పట్టలేడు.

ఆమెకి భయం వేసింది. ఏడుపు కూడా వచ్చింది. తప్పని రాస్తే ఎవరి సొమ్ము పోయింది? ఊరు పండగ చేసుకుంటుంది. ఒక మనిషి బతుకు నిలబడుతుంది. ఒక్క చిన్న అబద్ధం, అదీ పెన్సిల్‌తో. చెరిపితే పోయేపాటిది.

మైదానం మధ్యలో నిలబడ్డ మనిషి వైపు మాత్రం ఆమె చూడలేదు.

హిట్ అని రాసింది.

బోర్డు దగ్గరి ముసలాయన నమ్మలేక రెండుసార్లు పైకి చూశాడు. ఆమె రెండుసార్లూ ఒక వేలు చూపించింది. ఆయన హిట్ల గడిలో సున్నా తీసి, ఒకటి తగిలించాడు.

సీసాలొచ్చి రేకుల మీద పడ్డాయి. తతికో తన కుర్చీ అవతలికి లాక్కున్నాడు. "మీకు గుండె ఉండాల్సిన చోట ఎక్కాల పుస్తకం ఉంది" అన్నాడు.

తరవాతి బ్యాటర్‌ని రాదామెస్ మూడే బంతుల్లో పంపించేశాడు. పీతలు గెలిచారు. గెలిచిన జట్టు తలలు దించుకుని లోపలికి వెళ్తుంటే జనం ఏడవడం ఈ ఊళ్ళో అదే మొదలు.

ఆమె పుస్తకం సంచిలో పెట్టుకుని బయటికొచ్చింది. రోజూ ఎక్కించుకునే మోటార్ సైకిల్ అబ్బాయి బండి కదపలేదు. "ఇవాళ నడిచే పొండి టీచరమ్మా. మిమ్మల్ని ఎక్కించుకుంటే రేపు నా బండి ఎవడూ ఎక్కడు" అన్నాడు. మూలకొట్టు దగ్గర డామినోలు ఆడుతున్నవాళ్ళు చేతులు ఆపి ఆమె వెళ్ళేదాకా చూశారు. ఓ బాల్కనీలోంచి ఎవరో ఆడమనిషి "నిన్ను ఏ తల్లి కన్నదే!" అంది.

పొద్దు వాలుతుండగా ఇల్లు చేరింది. గేటు గడియ మీద చెయ్యి వేసి, తియ్యలేక అలాగే నిలబడిపోయింది. ఎండకి కాలిన ఇనుము ఇంకా వేడిగానే ఉంది. కళ్ళు తుడుచుకుని, చివరికెలాగో గేటు దాటి తలుపు తోసింది.

లోపల మోచేతికి ఐసు మూట కట్టుకుని, మెదిపిన అరటికాయ చల్లారకుండా మూతపెట్టి, వాళ్ళమ్మ కోసం ఎదురుచూస్తున్నాడు రాదామెస్.