పేలని ఫిరంగులు

“దూరం చెప్పు నాయనా, ఇంకెంతసేపు? టీ చల్లారిపోతోంది,” అంది గ్వెన్, టేపు చుట్ట విప్పకుండా.

డెస్మండ్ హాలమ్ బల్ల మీదికి వంగాడు. ఆకుపచ్చ గుడ్డ పరిచిన ఆ బల్లే యుద్ధభూమి. ఇవతల అతని ఫ్రెంచి సేన. అవతల, అట్టతో చేసిన గుట్ట మీద, మారిస్ టెబ్బట్ నడిపే ఆస్ట్రియా సేన. అన్నీ వేలెడేసి సీసపు బొమ్మలు. బీస్టన్ ప్రార్థనామందిరం వెనుక హాలులో ప్రతి శనివారం మధ్యాహ్నం జరిగే ఈ యుద్ధాలకు ఒక కఠిన నియమం ఉంది. ఫిరంగి పేల్చేవాడు లక్ష్యం ఎన్ని అంగుళాల దూరంలో ఉన్నదో ముందుగా కంటితోనే అంచనా కట్టి చెప్పాలి. ఆ తరువాతే ఆటకు తీర్పరి అయిన గ్వెన్ టేపు విప్పుతుంది. గుండు, చెప్పిన దూరంలోనే పడుతుంది.

ముప్ఫై ఏళ్లలో డెస్మండ్ అంచనా అర అంగుళం మించి తప్పలేదు. కానీ మూడు వారాలుగా అతని ఎడమ కంటిలో పొగమంచు తప్ప మరేమీ లేదు.

“ఈ వంతుకు పేల్చను. పదాతిదళాన్ని ముందుకు జరుపుతాను,” అన్నాడు.

“మళ్లీనా? ఇది ఐదో వంతు. ఇద్దరూ కలిసి ఒక్క గుండు పేల్చలేదు. యుద్ధానికొచ్చారా, సంతాపసభకొచ్చారా?”

వచ్చే శనివారం యార్క్‌లో పోటీ. జట్టులోని వాళ్లందరినీ వ్యానులో తీసుకువెళ్లవలసినవాడు డెస్మండే. బండి నడపవద్దని డాక్టరు చెప్పిన మాట అతడు ఎవరి చెవినా వేయలేదు. వేస్తే తాళాలు పోతాయి. అతని ఊరికి శనివారం బస్సు లేదు. తాళాలతో పాటు ఈ బల్లా, ఈ హాలూ, ఈ మనుషులూ పోయినట్టే.

అందుకే ఎంతో ఆలోచించి ఒక వ్యూహం పన్నుకొని వచ్చాడు. ఫిరంగులను చెట్ల వెనుక దాచాలి. పదాతిదళాన్ని బాహాటంగా మైదానంలో నిలిపి శత్రువుకు ఎర వెయ్యాలి. వాడు గుట్ట దిగి మీదికి రాగానే బొమ్మకు బొమ్మ తగిలేలా కలియబడాలి. అంత దగ్గర పోరులో దూరం ఎవరూ అడగరు. పాచికలు వేస్తే చాలు.

కానీ మారిస్ దిగిరావడం లేదు. పేల్చడమూ లేదు. మొదటి వంతులోనే గుండ్ల వాన కురిపించే ఆ మనిషి, కళ్లెదుట ఇంత సేన నిలబడి ఉంటే, పన్నెండు ఫిరంగులనూ మూగగా ఉంచుకొని కూర్చున్నాడు.

డెస్మండ్‌కు అనుమానం వచ్చింది. గుట్ట వెనుక ఏమి దాచాడు? లేక తన కన్ను సంగతి పసిగట్టి, తనచేత దూరం చెప్పించడానికే కాచుకొని ఉన్నాడా?

“ఏరా మారిస్, నీ ఫిరంగులకు గొంతు పట్టేసిందా?” అన్నాడు, నవ్వు తెచ్చిపెట్టుకొని.

“నీవి చెట్ల వెనకాల ఏం చేస్తున్నాయిరా, పుట్టగొడుగులు ఏరుతున్నాయా?” అంటూ మారిస్ తన టీలో పాలు పోసుకున్నాడు. సగం పాలు కప్పు పక్కన, ఆస్ట్రియా సేనాపతి కాళ్ల దగ్గర పడ్డాయి. గెలుపు చేతికందబోతుంటే మారిస్‌కు చేతులు నిలవవు. డెస్మండ్ అనుమానం బలపడింది.

ఆరు, ఏడు వంతులూ అలాగే గడిచాయి.

“ఇదే చివరి వంతు,” అంది గ్వెన్. “ఇక నా ఓపిక అయిపోయింది. ఇప్పుడు కూడా పేల్చనివాడికి యార్క్ లేదు. డెస్మండ్, దూరం?”

అతడు మనసులోనే దేవుణ్ణి తలచుకున్నాడు. ఒక్క కంటికి గుట్ట ఒకసారి ముక్కు దగ్గరా, మరొకసారి మైలు దూరానా కనిపించింది.

“పద్నాలుగు.”

గ్వెన్ టేపు విప్పింది. ఒకసారి చూసి, నమ్మలేక మళ్లీ చూసింది. “తొమ్మిది,” అంది మెల్లగా. “నీ గుండు మారిస్ బిస్కెట్ల మీద పడింది నాయనా.”

పక్క బల్లలవాళ్లు పకపక నవ్వారు. పేల్చింది డెస్మండ్ అని గ్రహించి, చప్పున ఆపేశారు. మారిస్ మాత్రం నవ్వలేదు.

“నీ వంతు మారిస్. దూరం?”

మారిస్ ఎదుటి సేనను చూశాడు, నేలను చూశాడు. “నేను పేల్చను గ్వెన్. యార్క్‌కి వీణ్ణే వెళ్లనీ.”

“మీ ఇద్దరికీ ఇవాళ ఏమొచ్చింది?” అని విసుక్కుంటూ ఆమె కప్పులు తీసుకొని వంటగదిలోకి వెళ్లిపోయింది.

డెస్మండ్‌కు అప్పుడు అర్థమయింది. ఉచ్చు అనుకున్నది దయ అన్నమాట!

“నీకు తెలిసిపోయింది కదరా?” అన్నాడు.

“ఏమిటి?”

“నా ఎడమ కన్ను పోయిందని. ఇవాళ నిన్ను ఎక్కించుకొచ్చింది కూడా ఒక్క కంటితోనే. నలుగురిలో నా పరువు పోకూడదని నీ ఫిరంగుల నోరు నొక్కావు. చివరికి యార్క్ కూడా వదులుకున్నావు.”

మారిస్ ముఖం పాలిపోయింది. “డెస్మండ్, అది కాదురా...”

“ఇంకేం చెప్పకు.” డెస్మండ్ జేబులోంచి వ్యాను తాళాలు తీసి బల్ల మీదుగా అందించబోయాడు. “ఇకమీదట బండి నువ్వే నడుపు. నిన్ను తప్ప ఎవణ్ణీ నమ్మను. ఇవాళ నన్ను ఇంటి దగ్గర దింపేది కూడా నువ్వే.”

మారిస్ ఆ తాళాల వైపు కళ్లు చికిలించి, నెమ్మదిగా చేయి చాచాడు.

తాళాలకు సరిగ్గా నాలుగు అంగుళాల ఇవతల, గాలిని పట్టుకొని, అతని పిడికిలి మూసుకుంది.