వంతెనకు ముందు

“కాస్త జరగండి బావా. పొద్దున్నుంచీ నిలబడే ఉన్నాను.”

“నీ పడవవాళ్ళని అడుగు, పీట వేస్తారు.”

ఏటి ఒడ్డున ఉన్నది ఒకటే రాయి. నాచు పట్టి, సగం మట్టిలో కూరుకుపోయి ఉంది. దాని కోసం ఇద్దరు చరిత్ర ఆచార్యులు మూడు రోజులుగా కీచులాడుకుంటున్నారు. చివరికి చెరో కొసనా, వీపులు ఆనించుకుని కూర్చున్నారు.

ఈ కీచులాట రాయితో మొదలైంది కాదు. ఊళ్ళో ఏటి మీదున్న రాతి వంతెనతో మొదలైంది. దాన్ని ఒక ఇంజనీరు కట్టించాడని బావ పుస్తకం రాశాడు. ఇంజనీరూ లేడు, గింజనీరూ లేడు, పడవవాళ్ళే రాళ్ళు మోసి కట్టుకున్నారని బావమరిది ఇంకో పుస్తకం రాశాడు. ఇరవై ఏళ్ళుగా భోజనాల బల్ల దగ్గర ఇదే గొడవ. మధ్యలో నలిగిపోయింది మాత్రం ఒకరికి భార్య, మరొకరికి అక్క అయిన ఆవిడ.

ఇప్పుడు పాఠ్యపుస్తకాల సంఘం గడువు పెట్టింది. వారంలోగా రుజువు తెస్తే గెలిచినవారి మాట పాఠంలోకి ఎక్కుతుంది. లేదంటే వంతెన పాఠమే ఎత్తేస్తారు.

“వెళ్ళి కళ్ళారా చూసి తగలడండి,” అంది ఆవిడ. “తేల్చుకోకుండా మాత్రం నా గడప తొక్కొద్దు.”

విశ్వవిద్యాలయంలో కాలయంత్రం ఉంది. అది ఎక్కాలంటే దరఖాస్తు మూడు ప్రతుల్లో నింపాలి. ‘రెండు వందల సంవత్సరాల క్రితం’ అని బావమరిది రాశాడు. బావ ఎర్రసిరాతో ‘క్రితం’ కొట్టేశాడు.

“అది పత్రికలవాళ్ళ మాట. ‘ముందు’ అని రాయి. నిండుగా ఉంటుంది.”

మూడు ప్రతుల్లోనూ దిద్దారు. యంత్రం నడిపే ఉద్యోగిని కాగితం రెండుసార్లు చదివింది.

“రెండొందల ఏళ్ళు ముందేనా సార్? ఖాయమేనా?”

“ముందేనమ్మా! నాకు తెలుగు నేర్పుతావా?”

ఆమె యంత్రం ముల్లుని ముందుకి తిప్పింది. “పన్నెండో తేదీన దిగుతారు. పధ్నాలుగున మధ్యాహ్నం పన్నెండింటికి దిగిన చోటే నిలబడండి. ఒక్కసారే లాగుతుంది,” అని చెప్పి మీట నొక్కింది.

దిగగానే ఇద్దరికీ ప్రాణం లేచొచ్చింది. ఏరు అదే, వంపు అదే. వంతెన మాత్రం లేదు. జనాన్ని అటూ ఇటూ దాటించడానికి ఒక చెక్క పడవ. గుడిసెల్లో నూనె దీపాలు. సరిగ్గా అనుకున్న చోటికే వచ్చామని బావ మురిసిపోయాడు. దిగిన చోట గుర్తుగా తన జేబురుమాలు పరిచి, మీద నాలుగు గులకరాళ్ళు పెట్టాడు.

ఆ తర్వాత అన్నీ ఎదురుదెబ్బలే. నాటక కంపెనీ నుంచి తెచ్చుకున్న తలపాగాలు చూసి జనం విరగబడి నవ్వారు. ఇంజనీరు ఎక్కడుంటాడని బావ అడిగితే తల అడ్డంగా ఊపారు. రాళ్ళు ఎప్పుడు మోస్తారని బావమరిది అడిగితే పడవవాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. దస్తావేజులేమైనా ఉన్నాయా అంటే ఆ మాటకే అర్థం అడిగారు. బావకి పిచ్చెక్కినంత పనైంది. బావమరిదికి కొరుక్కోవడానికి గోళ్ళు మిగల్లేదు.

పడవ నడిపే ముసలమ్మ ఒక్కతే కాస్త ఓపిగ్గా విన్నది.

“వంతెనా? మళ్ళీ కడతారా?” అంది.

ఇద్దరూ గబగబా నోటుపుస్తకాలు తీశారు.

“మళ్ళీ అంటే ఈ కాలంలో తర్వాత అని అర్థం,” అన్నాడు బావ.

“అంతే బావా. తర్వాత అనే,” అన్నాడు బావమరిది.

ఇరవై ఏళ్ళలో ఇద్దరికీ మాట కలిసింది ఆ ఒక్కసారే.

పధ్నాలుగో తేదీ వచ్చింది. పాత రికార్డుల ప్రకారం వంతెనకి మొదటి రాయి పడేది ఆ పొద్దున్నే. పొద్దెక్కింది. ఇంజనీరు రాలేదు. రాళ్ళ బండీ రాలేదు. పదకొండున్నరకి బావమరిది గడియారం చూసుకున్నాడు.

“పదండి బావా. అక్క ఎదురుచూస్తుంటుంది.”

“నేనిటు కదలగానే ఇంజనీరు అటు దిగితే? పాఠం పోగొట్టుకుని ఏ ముఖం పెట్టుకుని వెళ్ళను? నువ్వు వెళ్ళు.”

“నేను వెళ్ళాక పడవవాళ్ళు రాళ్ళు తెస్తే చూడనట్టు ఊరుకోవడానికా? ముందు మీరు కదలండి.”

“ముందు నువ్వు.”

“ముందు మీరు.”

పన్నెండయింది. జేబురుమాలూ, దాని మీది గులకరాళ్ళూ మాత్రమే సర్రున పైకి లేచి మాయమయ్యాయి.

బావమరిదికి ఏడుపొచ్చింది. బావకి కోపమొచ్చింది గానీ, ఎవరి మీద చూపించాలో తెలియలేదు.

ముసలమ్మ పడవని ఒడ్డుకి తెచ్చి, చేతిలో తాడుతో వచ్చి నిలబడింది.

“కాస్త లేవండయ్యా. పడవ కట్టేది ఆ రాయికే. మూడు రోజుల్నుంచీ చెప్పలేక ఊరుకుంటున్నా.”

లేచారు. మూడు రోజుల రాపిడికి నాచు ఊడిపోయింది. కింద అక్షరాలున్నాయి. బావ కళ్ళజోడు తుడుచుకున్నాడు. బావమరిది మోకాళ్ళ మీద కూలబడ్డాడు. అలవాటు కొద్దీ ఇద్దరూ ఒకేసారి వేలు పెట్టి చదివారు.

“ఈ వంతెన ఎవరు కట్టారో చూసొస్తామని వెళ్ళి, పదేళ్ళయినా తిరిగిరాని నా భర్తకీ నా తమ్ముడికీ గుర్తుగా వంతెన మొదట్లో ఈ రాయి నాటించాను, తేలకపోయినా ఫరవాలేదు, ఇంటికి వచ్చెయ్యండి.”