చెవి కడిగించుకున్న వకుళ

ఊళ్లో ప్రతి గోడా ప్రకటనలు పాడే రోజులొచ్చాక, ఆ పాట వినగానే తల తిప్పే అలవాటును చెరిపేసే ఆసుపత్రులూ వచ్చాయి. వకుళ వెళ్లి చెరిపించుకుంది. దాంతోపాటు ఇంకేదైనా అలవాటు పోతే పోవచ్చని డాక్టరు చివర్లో నెమ్మదిగా చెప్పాడు.

ఇంటికి రాగానే వంటింటి గోడ పచ్చళ్ల పాట అందుకుంది. వకుళ తల తిప్పలేదు. ప్రాణానికి హాయిగా ఉంది. కుక్కర్ కూతలకూ తిప్పలేదు. పప్పు మాడింది.

"కుక్కరే పట్టలేదంటే, రేపు పిల్ల సంగతేం పట్టించుకుంటావే?" అంది ఆడపడుచు హైమ.

వకుళ భయంగా గుమ్మం వైపు చూసింది. రెండేళ్ల కూతురు మేధ పక్కగదిలోనే చప్పుడు చేస్తూ ఆడుకుంటోంది. హైమ ఉల్లిపాయలు తరుగుతూ తన అత్తగారి కథ ఎత్తుకుంది. గోడ పాడుతూనే ఉంది, హైమ చెబుతూనే ఉంది. సగంలో వకుళ కాళ్లు వాటంతటవే పరుగెత్తాయి.

పక్కగదిలో మేధ, ఇల్లు తుడిచే రోబోకి దోసెల పిండితో శ్రద్ధగా తలంటు పోస్తోంది.

"చిన్న చప్పుడైనా లేదు కదే, నీకెలా తెలిసింది?" అంది వెనకే వచ్చిన హైమ.

"లేకపోబట్టే వదినా!" అని, పిండి కారుతున్న పిల్లను ఎత్తుకుని, తిట్టవలసిన నోటితోనే ముద్దులు పెట్టింది వకుళ.