వినే మనిషి దొరికాడు

“ఇన్ని దేశాలు తిరిగొచ్చారు కదా మేడమ్! ‘ఈ గడ్డ మా జాతిదే’ అంటూ పేట్రేగిపోయే మూకల్ని నిజంగా ఆపిన దేశం ఏది? ఒక్క ముక్కలో చెప్పండి. చెప్పలేకపోతే మీ పరిశోధన ఇవాళ్టితో ఆపేద్దాం” అన్నాడు ప్రభుత్వ శాఖకు కొత్తగా వచ్చిన కార్యదర్శి.

పరిశోధకురాలికి కోపం రాలేదు. తమ్ముణ్ణి ఇక్కడి అలాంటి మూకే నడివీధిలో కొట్టి చంపినప్పటి నుంచి ఆమెకు ఏదీ రావడం లేదు, ఏడుపుతో సహా. పాఠం అప్పజెప్పినట్టు మొదలుపెట్టింది.

“ఒక దేశం ఆ మూకల పార్టీని నిషేధించింది. జెండాలు దిగాయి. పేరు మార్చుకుని మళ్లీ ఎగిరాయి. ఇంకో దేశం, ఎవరి మాట వాళ్లదని వదిలేసింది. ముందు ఊరేగింపులు తీశారు, తర్వాత చట్టసభలో కూర్చున్నారు.”

పాత కార్యదర్శి అయితే ఈపాటికి ఫోన్‌లో తల దూర్చేసేవాడు. ఇతను లేచి, గరగరమంటున్న ఏసీ కట్టేసి వచ్చి కుర్చీ ముందుకు లాక్కున్నాడు.

“ఊఁ, మూడోది?”

“మూడో దేశం ఆ మూకల్లో ఉన్నవాళ్ల ఇళ్లకు వెళ్లింది. అమ్మలతో మాట్లాడింది. బయటపడతామన్న కుర్రాళ్లకి వేరే ఊళ్లో పని చూపించింది, కంటికి రెప్పలా కాచుకుంది. ఒకడొస్తే వాడి వెనకాలే ఇంకొకడు. గుంపు లోపల్నుంచే కరిగిపోయింది.”

“మన దగ్గర అలా ఎవరైనా చేస్తున్నారా?”

ఇన్నేళ్లలో ఆ మాట అడిగినవాళ్లు లేరు. ఆమెకు లోపలెక్కడో తిమ్మిరెక్కిన చోట చీమ కుట్టినట్టయింది.

“కొందరు తల్లులు చేస్తున్నారండీ, గుట్టుగా. మార్కెట్ వెనక కుట్టుపని నేర్పే మేడ ఉంది, అక్కడ. బయటికొచ్చిన పిల్లలు కూడా అక్కడే తలదాచుకుంటున్నారు.”

“కాపలా ఎవరు?”

“ఎవరున్నారండీ? తలుపుకి గొళ్లెం కూడా సరిగ్గా పడదు.”

“అయ్యో! నేను మనుషుల్ని పంపిస్తాను.”

“మీ మేలు మర్చిపోలేను” అంది. గొంతు వణికితే తనకే వింతగా అనిపించింది.

అతను తలుపు దాకా వచ్చి సాగనంపాడు.

“మీ పరిశోధనకు వంక పెట్టడానికి లేదమ్మా” అన్నాడు మెల్లగా. “ఆ మూడో దేశంలోనే మాకు గట్టి దెబ్బ తగిలింది.”