ఫార్గోలో తేల్చుకుందాం

"ముందే చెబుతున్నాను, స్టేజీ మీద ఒకరినొకరు కొరుక్కోకూడదు," అంది మార్సీ, ఒడెట్ కోటుకు పేరు చీటీ తగిలిస్తూ. సదస్సు నిర్వహించేది మార్సీయే.

"కొరకను. ఓడిస్తాను, అంతే," అంది ఒడెట్.

తెర పక్కనుంచి చూస్తే హాలు నిండిపోయి ఉంది. కుర్చీలు చాలక గోడల వెంట నిలబడ్డారు. ఏటా అమెరికాలోని ఈ ఫార్గో ఊరికి ప్రోగ్రామర్లు నాలుగు కొత్త సంగతులు నేర్చుకోవడానికి వస్తారు. ఈసారి మాత్రం ఒక తగువు చూడ్డానికి వచ్చారు.

తగువు శాండ్‌బ్యాగ్ గురించి. నది పొంగితే ఒడ్డున ఉన్న ఊళ్లవాళ్ల ఫోన్లకు ముందుగా హెచ్చరిక పంపే ప్రోగ్రాం అది. ఏ కంపెనీదీ కాదు, తీరిక దొరికినవాళ్లంతా కలిసి ఊరికే రాసి పెట్టింది. దాన్ని మొదలుపెట్టినవాడు హాల్వర్ స్టెనర్సన్. ఆ పాత కోడ్ బూజుపట్టింది, పారేసి మళ్లీ రాయాలంటుంది విన్నిపెగ్ నుంచి వచ్చిన ఒడెట్ రాంకూర్. అనడమే కాదు, రాసి చూపించింది. నడుస్తున్నదాన్ని ముట్టుకోవద్దంటాడు హాల్వర్. ఏడాదిగా ఆన్‌లైన్ ఫోరంలో వాళ్లిద్దరూ జుట్లు పట్టుకోవడం ఒక్కటే తక్కువ. చదివేవాళ్లు రెండు ముఠాలై, పలకరించుకోవడం కూడా మానేశారు. మంచు కరిగి నది కదిలేలోపు ఏదో ఒకటి తేలాలి. అందుకే ఇవాళ వాదన, ఆ తర్వాత చేతులెత్తి ఓటు.

తెర వెనక్కి హాల్వర్ వచ్చాడు. తెల్లగడ్డం, గళ్ల చొక్కా. ఇద్దరూ ఎదురెదురుగా నిలబడడం ఇదే మొదలు.

"మీరేనా ఒడెట్? రాతలు చూసి ఆరడుగులుంటారనుకున్నాను."

"మీరు నా కోడ్‌ని షోకేసులో బొమ్మ అన్నారు."

"మీరు నాదాన్ని ఎలకల బొరియ అన్నారు."

"అన్నాను."

"మా ఆవిడకి చదివి వినిపిస్తే పడీపడీ నవ్వింది. ఫ్రిజ్ మీద అంటించింది కూడా." ఆయన గడ్డం నిమురుకున్నాడు. "ఇవాళ నేను చెప్పేది వింటే మీకు నోట మాట రాదు."

"మీకూ అంతే," అంది ఒడెట్.

మొదట హాల్వర్‌ని పిలిచింది మార్సీ. ఆయన మైకు అందుకున్నాడు.

"ఈ వారమంతా ఒడెట్ రాసినదాన్ని నా మెషీన్‌లో నడిపాను," అన్నాడు. "తప్పులు పట్టి మీ ముందు పెడదామనే నా ఉద్దేశం. పాత వరదల లెక్కలన్నీ దానికి తినిపించాను. మధ్యలో వైరు పీకాను. పిచ్చి అంకెలు ఇచ్చి చూశాను. నాది బోర్లా పడ్డ ప్రతిచోటా ఆమెది నిలబడింది."

హాల్లో ఎవరో దగ్గబోయి ఆపుకున్నారు.

"కిందటి వరదలో నా ప్రోగ్రాం హెచ్చరిక పంపేసరికి మా చెల్లెలి ఇంట్లో మోకాలిలోతు నీళ్లు. ఆ వరదనే ఆమె కోడ్‌కి ఇచ్చాను. మా చెల్లెలు పిల్లల్ని తీసుకుని తాపీగా కారెక్కేంత ముందే చెప్పింది. ఇంక నేను వాదించేదేముంది? నాది తీసేయండి. ఆమెది పెట్టండి."

ఆయన కూర్చున్నాడు. ఎడమవైపున్న ఒడెట్ ముఠా లేచి ఈలలు వేసింది. కుడివైపు వాళ్లు తలలు దించుకున్నారు. మార్సీ కళ్లు తుడుచుకుంటూ ఒడెట్ దగ్గరికి వంగింది. "గెలిచావమ్మా. రెండు ముక్కలు చెప్పి ముగించేయ్."

ఒడెట్ ముఖంలో గెలిచిన కళ లేదు. మైకు అందుకుని గొంతు సవరించుకుంది.

"నన్ను పెద్ద ఇరకాటంలో పెట్టారు హాల్వర్ గారూ. నేనూ వారం నుంచి మీ కోడే చదువుతున్నాను. ఉతికి ఆరేద్దామనే. బొరియ కనిపించిన ప్రతిచోటా ఆగి, ఇదెందుకిలా తవ్వారా అని వెతికాను. ఒకచోట చెవులు వినిపించని దంపతులున్నారు. వాళ్లకి ఫోన్ మోగితే లాభం లేదు, పడగ్గదిలో లైటు వెలగాలి. ఇంకోచోట సిగ్నల్ అందని పొలంలో ఒంటరి మనిషి ఉన్నాడు. ఆయన తరఫున పక్క పొలంవాళ్లకి కబురు వెళ్లాలి. అలాంటివాళ్లు ఆ కోడ్ నిండా ఉన్నారు."

ఆమె హాలు వైపు తిరిగింది.

"నాది శుభ్రంగా ఉంది. వేగంగా ఉంది. అందులో మనుషులే లేరు. నాది వెనక్కి తీసుకుంటున్నాను. పాతదే ఉండాలి."

ఎవరు ఎవరికి చప్పట్లు కొట్టాలో హాల్లో ఎవరికీ అర్థం కాలేదు. ఈలలు వేసినవాళ్లు కూర్చున్నారు. తలలు దించుకున్నవాళ్లు ఎత్తారు. మార్సీ మధ్యలోకి వచ్చి నిలబడింది.

"పోనీ, ఇద్దరూ కలిసి కూర్చుని రెండూ కలిపేయకూడదా?" అంది ఆశగా. "అసలు ఓటే అక్కర్లేదు."

హాలంతా ఊపిరి పీల్చుకుంది. హాల్వర్ లేచాడు. ఆయన కళ్లు తడిగా ఉన్నాయి. నెమ్మదిగా ఒడెట్ వైపు నడుస్తుంటే రెండు ముఠాలూ లేచి నిలబడ్డాయి. కెమెరాలు పైకి లేచాయి. ఒడెట్ చేయి చాచింది. ఆ చేతిలోని మైకు అందుకుని ఆయన గొంతు సవరించుకున్నాడు.

"ఒడెట్, ఇంత తప్పుగా వాదించే మనిషిని నేను ఈ ఏడాదిలో ఎప్పుడూ చూడలేదు."