జానెడు తక్కువ

"మెల్లిగా దువ్వమే! తల దువ్వతా ఉండావా, చేపకు పొలుసు గీకతా ఉండావా?"

గంగాభవాని దువ్వెన ఆపలేదు. చిక్కు దగ్గర ఇంకాస్త గట్టిగా లాగింది.

"నెరిసిన నాలుగు వెంట్రుకలకు ఎంత రాజసం అత్తా! నువ్వే దువ్వుకోరాదా, నాకు పీడ పోతుంది."

"ఈ చెయ్యి ఇరగ్గొట్టిందెవురు?"

దువ్వెన నెత్తిని గీరింది.

"ఆ మసి ఏళ్ళేందే? పొయ్యి కాడ్నించి వస్తే చేతులు కడుక్కోవా? నా తలకు మసి పూసేదానికి వచ్చినావా?"

"నీ పొయ్యి మసేలే."

రేవులో వేలం షెడ్డు వాకిట్లో ముప్పై ఏళ్ళుగా అంకాలమ్మ చేపలమ్ముతూ కూర్చునే చోటొకటుంది. బండ్ల మీద వచ్చే బేరగాళ్ళు మొదట ఆగేది అక్కడే. గొడవ ఆ చోటు కోసమే. గంగాభవాని తోసింది. అంకాలమ్మ ఐసుపెట్టె అంచు మీద పడింది. కుడి దండచేయి ఎముక రెండు ముక్కలైంది. నెల్లూరులో ఆపరేషన్ చేసి, ప్లేటు పెట్టి మరలు బిగించారు.

ఊరి పెద్దకాపు చిన్నపోలయ్య తీర్పు చెప్పాడు. విరగ్గొట్టిన మనిషే ఆ చేయి పనంతా చెయ్యాలి. వంట, ఊడ్పు, నీళ్ళు, తల దువ్వడం. తర్వాత అంకాలమ్మ మంచానికి ఎదురుగోడకు ఆనుకుని నిలబడి, తన నడినెత్తికి సరిగ్గా బొగ్గుతో గీత గీశాడు.

"వేట నిషేధం ఎత్తేసేనాటికి నీ చెయ్యి ఈ గీత తాకాల. గంప నెత్తికెత్తుకోలేని మనిషికి రేవులో చోటెందుకు? తాకకుంటే నీ చోటు పక్క చోటామెకు పోతుంది."

పక్క చోటు గంగాభవానిది.

ఎముక అతుక్కుంటోందన్నాడు డాక్టరు. రోజూ వేళ్ళను గోడ మీద పాకించుకుంటూ చేయి పైకి తీసుకెళ్ళమన్నాడు. అంకాలమ్మ పళ్ళు బిగబట్టి పాకించింది. భుజంలో కత్తి పెట్టి తిప్పినట్టుండేది. మొదట రొమ్ము ఎత్తు. తర్వాత గడ్డం ఎత్తు. పోయిన వారం రవిక తనే తొడుక్కుంది. మొన్న గూట్లో పై అరలోని ఉప్పు జాడీ కూడా అందింది. గీత మాత్రం ఈమధ్య ఎప్పుడు చూసినా జానెడు దూరంలోనే ఉంటోంది.

"పీతలు నీకన్నా చురుగ్గా ఎక్కతాయి," అనేది గంగాభవాని గోడ మీద బూజు దులుపుతూ.

రేపే నిషేధం ఎత్తేస్తారు, పడవలు కడలిలోకి దిగుతాయి. జడ సగంలో ఉండగానే చిన్నపోలయ్య లోపలికి వచ్చాడు.

"ఏదీ, ఎత్తు అంకాలమ్మా."

అంకాలమ్మ లేచి గోడ దగ్గరికి వెళ్ళింది. వేళ్ళు ఒక్కొక్కటిగా పాకాయి. కళ్ళలో నీళ్ళు నిండాయి. మడమలు ఎత్తకూడదు, అది కూడా తీర్పులోదే. చేయి ఆగిపోయింది. జానెడు తక్కువ.

"చూసినావు గదా మామా," అంది గంగాభవాని. "రెండు నెలలు చాకిరీ చేసినా. ముసలి ఎముక లేవకుంటే నన్నేం చెయ్యమంటావు?"

"నీ నోట మన్నుబడ! ఇంకొక్క వారం ఇయ్యన్నా. లేస్తుంది. నిన్నటికంటే ఇయాళ లేసింది."

"ఇన్నాళ్ళూ లేవంది వారంలో లేస్తుందా? ఊరందరి ముందర అనుకున్న మాట గదా అది," అంది గంగాభవాని.

చిన్నపోలయ్య నిట్టూర్చాడు. తువ్వాలు భుజాన వేసుకుని, అదే గోడకు వీపు ఆనించి నిటారుగా నిలబడ్డాడు. పంచాయితీలో ఆఖరి మాట చెప్పేటప్పుడు ఆయన నిలబడే తీరే అది.

రేపటి నుంచి రేవులో తను ఎక్కడ కూర్చోవాలి? కడసారి బతిమాలుకుందామని అంకాలమ్మ ఆయన మొహంలోకి తలెత్తి చూసింది.

బొగ్గు గీత చిన్నపోలయ్య నడినెత్తికి జానెడు పైన ఉంది. గంగాభవాని దువ్వెన మంచం మీద పెట్టి గడప దాటింది.